1966 నాటి బ్యాట్‌మన్ సినిమాలో అంత ఏముంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఆదివారం మీ ఎనిమిదేళ్ళ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని 1966లో వచ్చిన బ్యాట్‌మన్ సినిమా చూశారు. రబ్బరు సొరచేప హీరో కాలు పట్టుకుని వేలాడుతుంటే మీరు కడుపు పట్టుకుని నవ్వారు. మీవాడు మాత్రం గోళ్ళు కొరుక్కుంటూ చూశాడు, మీరు నవ్వినందుకు అలిగాడు కూడా. "ఇంత నాసిరకం సినిమాని జనం ఇన్నేళ్ళుగా ఎందుకు నెత్తిన పెట్టుకుంటున్నారు? నేను నవ్వడం తప్పా, వాడు నమ్మడం తప్పా?" అన్నారు.

ఇద్దరిదీ తప్పు లేదండీ. మీరు నవ్వాలనీ, వాడు నమ్మాలనీ, అదీ ఒకే సోఫాలో, ఒకే నిమిషంలో జరగాలనీ కావాలనే తీశారు. పొరపాటున కుదిరిన వింత కాదది.

నేను ఇంగ్లీషు కార్టూన్లకీ సినిమాలకీ తెలుగు డబ్బింగ్ మాటలు రాసుకుని బతికేవాణ్ణి. ఇరవై రెండేళ్ళయింది. ఈ సినిమా నాకు పనిగా ఎప్పుడూ రాలేదు, సరదా కొద్దీ సగం దాకా రాసి పెట్టుకున్నాను. డబ్బింగ్ రాసేవాడు ఒక్కో మాటనీ పదిసార్లు వెనక్కి తిప్పి వింటాడు. ఎక్కడ ఊపిరి తీశాడు, ఎక్కడ పెదాలు కలిశాయి, అన్నీ చూడాలి. అలా విన్నాకే నాకు ఈ సినిమా గుట్టు తెలిసింది: అందులో నవ్వు తెప్పించే హీరోలిద్దరూ తాము నవ్వరు.

ముందు ఆ సొరచేప దగ్గరికే వద్దాం. బ్యాట్‌మన్ హెలికాప్టర్ నుంచి నిచ్చెన దిగుతూ సముద్రంలో నడుముదాకా మునుగుతాడు. పైకి లేచేసరికి కాలికి సొరచేప. పిడికిలితో గుద్దుతాడు, వదలదు. పైనున్న తన కుర్ర సహచరుడు రాబిన్‌ని "సొరచేపల్ని తరిమే బ్యాట్ స్ప్రే అందించు" అంటాడు. ఇక్కడ దాకా మామూలు వెకిలితనమే. రాబిన్ అర తెరిచి చూస్తే అక్కడ ఒక్క డబ్బా లేదు, వరసగా డబ్బాలున్నాయి. సొరచేపకి ఒకటి, తిమింగలానికి ఒకటి, బారకూడాకి ఒకటి, ఇంకో రకం చేపకి ఇంకొకటి. అన్నిటి మీదా నీటుగా అచ్చేసిన చీటీలు. రాబిన్ సరైనది ఎంచుకుని, నిచ్చెనకి తలకిందులుగా వేలాడుతూ అందిస్తాడు. స్ప్రే కొట్టగానే చేప వదిలేసి నీళ్ళలో పడి పేలిపోతుంది.

సొరచేప రబ్బరుది కావడం అసలు హాస్యం కాదు. ఆ చీటీలు హాస్యం. ఏ సముద్రంలో ఏ చేప కరుస్తుందో ముందే ఆలోచించి, డబ్బాలు కొని, పేర్లు అంటించి, వరసలో సర్దుకున్న మనిషిని ఒక్కసారి ఊహించుకోండి. మా పెద్దమ్మ వంటింట్లో కందిపప్పు డబ్బా మీద కందిపప్పు అనీ, ఉప్పు సీసా మీద ఉప్పు అనీ రాసి పెట్టుకునేది. ఆవిడ గబ్బిలం వేషం వేసుకుంటే ఎలా ఉంటుందో బ్యాట్‌మన్ అలా ఉంటాడు. అతని గుహలో ప్రతి యంత్రానికీ బోర్డు ఉంటుంది. కిందికి జారే స్తంభం దగ్గర బట్టలు చిటికెలో మార్చే మీటకి కూడా పేరు రాసి ఉంటుంది, అక్కడికి వచ్చేది వీళ్ళిద్దరూ, వాళ్ళ బట్లరూ తప్ప ఎవరూ లేకపోయినా.

మీవాడికి ఆ చీటీలు ముందుచూపు. మీకు వెర్రి. రాసిన లోరెంజో సెంపుల్ రెండూ ఒకే వాక్యంలో పెట్టాడు.

దీనికి వెనక కథ కొంచెం ఉంది. 1943లో కొలంబియా సినిమా కంపెనీవాళ్ళు బ్యాట్‌మన్‌ని 15 భాగాల సీరియల్‌గా తీశారు, యుద్ధకాలపు దేశభక్తితో, పూర్తి సీరియస్‌గా. 1965లో దాన్ని మొత్తం ఏకబిగిన థియేటర్లలో మళ్ళీ వేస్తే కాలేజీ కుర్రాళ్ళు ఎగబడి వెళ్ళి ఈలలు వేస్తూ చూశారు. ఆ తర్వాతి జనవరిలో ఏబీసీ టీవీలో కొత్త బ్యాట్‌మన్ మొదలైంది. నిర్మాత విలియం డోజియర్ అంతకు ముందు ఆ బొమ్మల పుస్తకాలు చదివినవాడు కాదు. విమానంలో కూర్చుని కొన్ని తిరగేసి, ఇదేం పిచ్చి అనుకున్నాడట. తర్వాత, దీన్ని ఏమాత్రం తగ్గించకుండా, మరీ నిష్ఠగా, మరీ పెద్దమనిషి తరహాలో తీస్తే పిల్లలకి సాహసం, పెద్దలకి హాస్యం అవుతుందని తోచింది. మొదట్లో వారానికి రెండు రాత్రులు, మొదటి రాత్రి హీరోలు చావు అంచున ఉండగా ఆపేయడం, రెండో రాత్రి విడిపించడం. 1968 మార్చి దాకా 120 భాగాలు నడిచింది. "వచ్చే భాగం ఇదే వేళకి, ఇదే ఛానల్లో" అని ఊపిరి బిగబట్టి చెప్పే గొంతు కూడా డోజియర్‌దే.

సినిమా ఆ టీవీ సీరియల్ మొదటి విడతకీ రెండో విడతకీ మధ్య తీసింది. అసలు సినిమా ముందు తీసి దాంతో సీరియల్‌కి ఊపు తేవాలనుకున్నారు, టీవీవాళ్ళు తొందరపెట్టడంతో వరస తిరగబడింది. సినిమా డబ్బుతో హెలికాప్టరు, పడవ, సైడ్‌కార్ ఉన్న మోటార్‌సైకిలు వచ్చాయి, వాటినే తర్వాత సీరియల్లో వాడుకున్నారు. పడవ చేసిన కంపెనీ టెక్సస్‌లోని ఆస్టిన్‌ది కాబట్టి మొదటి ఆట కూడా అక్కడే వేశారు. 1966 జులై 30న. లెక్క తెలిసిన మనుషులు.

ఇంగ్లీషువాళ్ళు ఈ ధోరణిని 'క్యాంప్' అంటారు. మనకి క్యాంప్ అంటే "సార్ క్యాంపులో ఉన్నారు, సోమవారం రండి" అని అటెండరు చెప్పేదే గుర్తొస్తుంది. దానికీ దీనికీ సంబంధం లేదు. అతిని అతి అని తెలిసే ముద్దు చేసుకోవడం అనుకోండి దగ్గరగా. అమెరికన్ రచయిత్రి సుసాన్ సొంటాగ్ 1964లో దీని మీద పేరుపొందిన వ్యాసం ఒకటి రాసింది. ఇందులో రెండు రకాలున్నాయంది: తీసినవాడు సీరియస్‌గా తీస్తే మనకి నవ్వొచ్చేది ఒకటి, నవ్వొచ్చేలా కావాలని తీసింది రెండోది. మొదటిదే అసలైనదనీ, తెలిసి చేసేదాంట్లో అంత రుచి ఉండదనీ ఆవిడ మాట.

మొదటి రకం మనకి కొత్తకాదు. 1980లో ఎన్.టి.రామారావు గారు 'సూపర్ మ్యాన్'గా వచ్చారు, వి.మధుసూదనరావు దర్శకత్వంలో. అమెరికావాడికి శక్తులు వేరే గ్రహం నుంచి వస్తే మనవాడికి ఆంజనేయస్వామి వరంగా వచ్చాయి. నేను దాన్ని మా ఊరి డేరా హాల్లో నేల టికెట్టు మీద చూశాను. నా చుట్టూ ఒక్కరూ నవ్వలేదు. హనుమంతుడు కరుణించినప్పుడు మా పక్కనున్న ఆవిడ చేతులు జోడించింది. ఇప్పుడు మా అబ్బాయి స్నేహితులు ఫోన్లో దాని ముక్కలు పెట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. సినిమా మారలేదు, చూసే కళ్ళు మారాయి. విఠలాచార్య జానపదాలదీ అదే దారి. డేట్ల దగ్గర పేచీ పెట్టిన నటుణ్ణి మంత్రగాడి చేత చిలకగా మార్పించి షూటింగ్ కానిచ్చేవారని ఆయన గురించి ఒక కథ చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, ఆయనకి తగ్గ కథే.

1966 బ్యాట్‌మన్ రెండో రకం. సొంటాగ్ లెక్కన అది చప్పగా ఉండాలి. ఎందుకు లేదంటే బ్యాట్‌మన్‌గా వేసిన ఆడమ్ వెస్ట్ వల్ల.

వెస్ట్ మాట వినండి. పాత ఆకాశవాణిలో ప్రాంతీయ వార్తలు చదివేవాళ్ళ గొంతు గుర్తుందా? రిజర్వాయరు నీటిమట్టం చెప్పినా, మంత్రిగారి పర్యటన చెప్పినా ఒకటే గాంభీర్యం. వెస్ట్ అలా మాట్లాడతాడు. మామూలు మనిషి ఆగని చోట ఆగుతాడు. ఆగినప్పుడు ఏదో మహా ఆలోచన వస్తుందనిపిస్తుంది, వచ్చేది "రాబిన్, వాళ్ళు తాగుబోతులే కావచ్చు, అయినా మనుషులే కదా" లాంటిది. దాన్ని గీతోపదేశంలా అంటాడు. సినిమా మొత్తంలో ఒక్కసారైనా "నాకూ తెలుసులెండి, ఇదంతా ఉత్తదే" అని మనకేసి కన్ను గీటడు. గీటితే మీవాడు మోసపోయేవాడు, మీకూ విసుగొచ్చేది. మాయాబజార్‌లో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించినప్పుడు సావిత్రి మీసం మెలేసే తీరు తలచుకోండి. ఆవిడ నవ్వదు, అందుకే మనం నవ్వుతాం. అదే విద్య.

మా పనిలో పెదాల లెక్క ఒకటుంది. ప, బ, మ పలికితే పెదాలు కలవాలి, తెర మీద కలవకపోతే జనం పట్టేస్తారు. రాబిన్‌గా వేసిన బర్ట్ వార్డ్ మాటిమాటికీ "హోలీ ఇది, హోలీ అది" అంటుంటాడు. సొరచేపని చూసి "హోలీ సార్డీన్" అంటాడు, అంత పెద్ద చేపకి వేలెడు చేప పేరు పెట్టి. తెలుగులో చేతికందే "బాబోయ్" ఇక్కడ పనికిరాదు, బ దగ్గర పెదాలు మూయాలి, తెర మీద కుర్రాడి నోరు తెరిచే ఉంటుంది. "అయ్యయ్యో సొర!" అని రాసుకున్నాను. పెదాలకి సరిపోయింది, చమత్కారం పోయింది. ఈ వృత్తిలో సగం రోజులు ఇంతే.

కానీ ఒక చోట తెలుగు గెలిచింది. దుండగుల్లో ఒకడైన రిడ్లర్ ఆకాశంలో క్షిపణితో పొడుపుకథలు రాస్తాడు. పసుపుపచ్చ చర్మంతో ఉండి రాసేదేమిటి అన్నదానికి జవాబు: బాల్‌పాయింట్ అరటిపండు. ఎప్పుడూ హడావుడిలో ఉండేవాళ్ళెవరు అన్నదానికి జవాబు రష్యన్లు, ఎందుకంటే ఇంగ్లీషులో రషింగ్, రష్యన్ అనే రెండు మాటలూ ఒకేలా వినిపిస్తాయి. ఇక్కడ నేను బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేకపోయింది. బస్టాండులో రష్, గుళ్ళో రష్, రేషన్ షాపు దగ్గర రష్. "ఎప్పుడూ రష్‌లో ఉండేదెవరు? రష్యన్లు!" అని రాస్తే అది పుట్టుకతో తెలుగు పొడుపుకథలానే ఉంది. ఈ రెండు జవాబులూ కలిపి హీరోలు తేల్చేది: ఎవరో రష్యా మనిషి అరటితొక్క మీద కాలేసి జారి మెడ విరగ్గొట్టుకోబోతున్నారు. వాళ్ళు ముగించగానే కమిషనర్ గోర్డన్, పోలీసు చీఫ్ మొహాలు చూడండి. ఇద్దరికీ నోట మాట రాదు, ఐన్‌స్టీన్ లెక్క విప్పి చెప్పినట్టు చూస్తారు.

అంతకు ముందు దుండగుల పేర్లు కనిపెట్టే తీరు ఇంకా బాగుంటుంది. జరిగిందాంట్లో ఏదో చేప వాసన ఉందంటాడు ఒకడు, చేప ఉన్నచోట పెంగ్విన్ ఉంటుందంటాడు ఇంకొకడు. సముద్రంలో జరిగింది కాబట్టి, సముద్రం అంటే సీ, సీ అంటే క్యాట్‌వుమన్. సొరచేప కాలు పట్టుకుని ఆటపట్టించింది కాబట్టి జోకర్. అన్నీ కలిపితే చిక్కుముడి, చిక్కుముడి అంటే రిడ్లర్. మన టీ కొట్టు దగ్గర ఎన్నికల ఫలితం ఇలాగే తేలుస్తారు. తేడా ఏమిటంటే బ్యాట్‌మన్ తేల్చింది ప్రతిసారీ నిజమవుతుంది.

ఆ నలుగురు దుండగుల గురించి ఒక్క ముక్క. వాళ్ళు హీరోలకి సరిగ్గా తలకిందులు. హీరోలు ఎంత బిగుసుకుంటే వీళ్ళు అంత చెలరేగుతారు. జోకర్‌గా వేసిన సీజర్ రొమేరో మీసం తీయనన్నాడు, తీయకుండానే దానిమీద తెల్లరంగు పూశారు. దగ్గరి షాట్లలో మీసం స్పష్టంగా కనిపిస్తుంది, ఆపి చూపించండి మీవాడికి. పెంగ్విన్‌గా వేసిన బర్జెస్ మెరెడిత్ సిగరెట్లు మానేసి చాలా ఏళ్ళయింది, పాత్ర కోసం పొగ పీలిస్తే గొంతు గరగరలాడేది, ఆ దగ్గు కప్పిపుచ్చడానికే "క్వాక్ క్వాక్" అనడం మొదలుపెట్టాడు. సీరియల్లో క్యాట్‌వుమన్ వేసిన జూలీ న్యూమార్‌కి కుదరక, 1955లో మిస్ అమెరికా అయిన లీ మెరీవెదర్‌ని తెచ్చారు. రిడ్లర్‌గా ఫ్రాంక్ గోర్షిన్ ఒళ్ళంతా నవ్వుతాడు, నాకు నలుగురిలో ఇష్టుడు అతనే. వీళ్ళ డెన్‌కి వెళ్ళినప్పుడల్లా కెమెరా ఓ పక్కకి ఒరిగి ఉంటుంది. వంకర మనుషులు, వంకర ఫ్రేము. పిల్లలకి కూడా అర్థమయ్యే వ్యాకరణం.

బడ్జెట్ లేమి గురించి మీరు విసుక్కున్నారు. లేమి ఉంది, కానీ దాన్ని ఎలా వాడుకున్నారో చూడండి. సముద్రంలో తేలుతూ అయస్కాంతం ఉన్న బోయాకి హీరోలిద్దరూ అతుక్కుపోయి ఉంటారు, జలాంతర్గామి నుంచి టార్పెడోలు వస్తుంటాయి. చివరిది తగిలితే చావే. తెర మీద ఒక పేలుడు, అంతే. తర్వాత షాట్లో ఇద్దరూ పడవలో క్షేమంగా వెళుతూ, టార్పెడోకి అడ్డంపడి ప్రాణమిచ్చిన ఒక డాల్ఫిన్ లాంటి జీవి త్యాగం గురించి గద్గదంగా మాట్లాడుకుంటారు. ఆ జీవిని మనం చూడనే లేదు! చూపించే డబ్బు లేకపోవడాన్నే జోకుగా మలచుకున్నారు. అంతకన్నా పెద్ద నవ్వు, ఇద్దరూ దానికి నిజంగా బాధపడడం.

ఆ జలాంతర్గామి ఎలా వచ్చిందనేది నాకు మరీ ఇష్టం. నౌకాదళం యుద్ధం తర్వాత మిగిలినవాటిని అమ్ముతుంటే పెంగ్విన్ మారుపేరుతో కొన్నాడు, చిరునామాగా పోస్టుబాక్సు నంబరిచ్చాడు. బ్యాట్‌మన్ ఫోన్ చేసి పూర్తి అడ్రసు కూడా తీసుకోకుండా జలాంతర్గాములు అమ్ముతారా అని అడ్మిరల్‌ని నిలదీస్తాడు. సిమ్ కార్డుకి ఆధార్ అడిగే రోజుల్లో ఉన్నాం, మనకి ఇంకా నవ్వొస్తుంది.

ఇక అందరికీ తెలిసిన బాంబు సన్నివేశం. రేవులో బ్యాట్‌మన్ చేతిలో గుండ్రటి నల్ల బాంబు, వత్తి చురచురా కాలుతోంది. నీళ్ళలోకి విసరాలి. ఓ పక్కకి పరుగెడితే సన్యాసినులు. ఇంకో పక్క పిల్లబండి తోసుకుంటూ తల్లి. ఇంకో పక్క బ్యాండు మేళం. సరే అని నీళ్ళలోకి చూస్తే పడవలో ప్రేమికులు, ఇంకాస్త ఇవతల బాతుపిల్లలు. ఆగి, నిట్టూర్చి, ఒక్కో రోజు బాంబు వదిలించుకోవడం కూడా కుదరదంటాడు. ఇది మూగ సినిమాల నాటి హాస్యం, వరస పెంచుకుంటూ పోవడమే. కానీ బాతుల దగ్గర ఎందుకు ఆగాడో గమనించండి. వేరే హీరో అయితే విసిరేసేవాడు. ఈ మనిషి బాతుపిల్లల్ని కూడా చంపలేడు. మీరు అది చూసి నవ్వారు, మీవాడు "వెళ్ళండి బాతులూ" అని అరిచాడని రాశారు. ఎవరు సరిగ్గా చూశారో నాకైతే చెప్పడం కష్టం.

లోపాలు లేవని కాదు. 25 నిమిషాల కొలతకి అలవాటుపడిన చేతులు గంటా నలభై అయిదు నిమిషాలు లాగేసరికి మధ్యలో సాగుతుంది. ముసుగు తీసిన బ్యాట్‌మన్, అంటే బ్రూస్ వేన్, రష్యన్ విలేకరి కిట్కా వేషంలో ఉన్న క్యాట్‌వుమన్ వలలో పడే భాగం నాకు ప్రతిసారీ లేచి టీ పెట్టుకునే సమయం. అయితే దాని ఫలితం చివర్లో దక్కుతుంది. ఆమె ముసుగు జారి, తాను ప్రేమించింది ఎవర్నో తెలిసినప్పుడు వెస్ట్ రెండు క్షణాలు ఏమీ అనడు. ఆ రెండు క్షణాలూ వేరే సినిమాలోంచి వచ్చినట్టుంటాయి. 1997లో జార్జ్ క్లూనీతో మళ్ళీ ఈ రంగులే, ఈ పంచ్‌లే ప్రయత్నించారు, బెడిసికొట్టింది. నా దృష్టిలో కారణం ఒకటే, అందరూ మనకేసి కన్ను గీటుతూనే ఉన్నారు.

మీరు రాయని సన్నివేశం ఒకటుంది, రెండోసారి చూస్తే పట్టించుకోండి. ఐక్యరాజ్యసమితిని పోలిన సంస్థ భద్రతామండలి గదిలో తొమ్మిదిమంది తొమ్మిది భాషల్లో అరుచుకుంటుంటారు. దుండగులు లోపలికొచ్చి మనుషుల్లోని నీటిని పీల్చే యంత్రంతో ఒక్కొక్కణ్ణీ రంగు పొడిగా మారుస్తుంటే, పక్కవాడు పొడి అయిపోయినా మిగిలినవాళ్ళు వాదన ఆపరు. ప్రచ్ఛన్నయుద్ధం ముదిరి, వియత్నాంకి అమెరికా సైన్యం వెళుతున్న ఏడాదిలో పిల్లల సినిమాలో పెట్టారిది. పొడులు కలిసిపోతే బ్యాట్‌మన్ వాటిని వేరుచేసే యంత్రం తయారుచేసి, నీళ్ళు పోసి మళ్ళీ మనుషుల్ని చేస్తాడు. మనుషులు బాగానే వస్తారు, ఒకరి భాష ఇంకొకరి నోట్లోంచి వస్తుంది. అరుపులు మాత్రం అవే. బ్యాట్‌మన్ కాసేపు ఆలోచించి, ఈ కలగాపులగమే మానవజాతికి జరిగిన గొప్ప మేలు కావచ్చేమో అని, తలుపు వదిలేసి కిటికీలోంచి తాడు పట్టుకుని దిగిపోతాడు. ఎవరికీ కనపడకుండా వెళ్ళాలనట.

ఇంతకుముందు బ్యాట్‌మన్ గుహలో పొడిగా మార్చిన తన మనుషులకి పొరపాటున అణు రియాక్టర్లలో వాడే భారజలం పోస్తాడు పెంగ్విన్, గుద్దగానే వాళ్ళు మాయమైపోతారు. అది నిజమైన పదార్థమేనా అని మీవాడు అడిగితే మణుగూరు దగ్గర అశ్వాపురంలో మనమే తయారుచేస్తామని చెప్పండి. మనుషులు మాయమయ్యే భాగం మాత్రం సెంపుల్ సొంత కవిత్వం.

చివరికి మీవాడి ప్రశ్న: సొరచేపల్ని తరిమే మందు నిజంగా ఉంటుందా? ఉండేది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం సముద్రంలో పడిన పైలట్లకీ నావికులకీ ఇవ్వడానికి తయారుచేసింది, దానిమీద పనిచేసినవాళ్ళలో తర్వాత టీవీ వంటలతో పేరు తెచ్చుకున్న జూలియా చైల్డ్ కూడా ఉంది. స్ప్రే కాదు, సబ్బుబిళ్ళలా ఉండే ముద్ద. రాగి ఎసిటేటు, నల్లరంగు కలిపి చేసేవాళ్ళు. ఆకలి మీదున్న సొరచేప దాన్ని పెద్దగా లెక్కచేసేది కాదని తర్వాత తేలింది. బారకూడాకి, తిమింగలానికి విడివిడి డబ్బాలు మాత్రం బ్యాట్‌మన్ దగ్గర తప్ప ఎక్కడా దొరకవని చెప్పండి.